నీరు పల్లమెరుగు - కన్నీరూ అంతే!

“నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు” అని మన పెద్దల మాట. ఇందులో మొదటి సగం కన్నీటికి కూడా వర్తిస్తుందని చాలామందికి తోచదు. కన్నీరంటే మనకు తెలిసింది బుగ్గల మీదుగా జారేదే. నిజానికి అది దారి తప్పిన కన్నీరు. సరైన దారిన పోయే కన్నీరు ఎవరికీ కనబడదు. మీరీ పుట చదువుతున్న ఈ క్షణంలో కూడా అది మీ కంట్లో ఊరుతూ, కనుగుడ్డును తడుపుతూ, చడీచప్పుడు లేకుండా ముక్కులోకి దిగిపోతూనే ఉన్నది.

ఆ దారి ఎక్కడైనా మూసుకుపోతే కన్ను అదేపనిగా నీరు కారుస్తుంది. ఎక్కడ మూసుకుందో చూడటానికి ఈనాడు సి.టి. స్కాన్ అనే యంత్రం ఉన్నది. కాని ఆ యంత్రం మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి బొమ్మ తీస్తుంది. కన్నీరేమో పగలంతా మనం కూచునీ, నిలబడీ ఉన్నప్పుడు కిందికి దిగడానికి అలవాటు పడ్డది. ఈ తేడాను గమనించకపోతే, తెరిచి ఉన్న దారి కూడా మూసుకున్నట్టు కనిపించవచ్చు. ఆపరేషను అవసరమా, కాదా అన్నంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు, బొమ్మ తీసిన వేళ రోగి పడుకున్నాడా, కూచున్నాడా అన్న చిన్న సంగతి కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

ఏడిస్తే ముక్కెందుకు కారుతుంది?

ముందుగా ఆ దారి ఎలా ఉంటుందో తెలుసుకుందాం. కన్నీరు పుట్టేది కంటికి పైన, కణత వైపున దాగి ఉన్న బాదంపప్పు ఆకారపు గ్రంథిలో. మనం ఏ దుఃఖమూ లేకుండా కూచున్నప్పుడు కూడా అది నిమిషానికి మిల్లీలీటరులో వెయ్యింట ఒకటి, రెండు వంతుల నీరు ఊరిస్తూనే ఉంటుంది. కంటి మీద ఏ వేళ చూసినా నిలిచి ఉండేది వెయ్యింట ఏడు వంతులు మాత్రమే. ఇందులో కొంత గాలికి ఆవిరైపోతుంది. మిగిలినది బయటికి పోవాలి కదా?

అద్దం ముందు నిలబడి కింది రెప్పను మెల్లగా కిందికి లాగి చూడండి. ముక్కు వైపు చివర, రెప్ప అంచున, గుండుసూదితో పొడిచినంత సన్నని రంధ్రం కనబడుతుంది. అటువంటిదే పైరెప్పకు కూడా ఒకటున్నది. అవే కన్నీటి కాలువకు తూములు. ఒక్కొక్క తూము నుంచి సన్నని గొట్టం రెండు మిల్లీమీటర్ల దూరం నిలువుగా పోయి, అక్కడ మలుపు తిరిగి, మరో ఎనిమిది మిల్లీమీటర్లు ముక్కు వైపు అడ్డంగా సాగుతుంది. చాలామందిలో రెండు గొట్టాలూ చివర ఒకటిగా కలిసి, కంటికొనకూ ముక్కుదూలానికీ మధ్య ఎముక గుంటలో ఉన్న కన్నీటి సంచిలో పడతాయి. ఆ సంచి పొడవు 12 నుంచి 15 మిల్లీమీటర్లు. దాని అడుగు నుంచి ఇంకో నాళం బయలుదేరి, చాలావరకు ఎముక లోపలి సొరంగంలోంచే సుమారు 18 మిల్లీమీటర్లు దిగి, ముక్కు లోపల అడుగున తెరుచుకుంటుంది. మొత్తం ప్రయాణం అంగుళంన్నరకు అటూ ఇటూ!

ఇందుకు రుజువులు మన ఇంట్లోనే ఉన్నాయి. ఎవరైనా వెక్కివెక్కి ఏడిస్తే కంటితో పాటు ముక్కు కూడా కారుతుంది. అది పడిశం కాదు. కన్నీరే అటు దిగింది. కంట్లో వేసుకున్న చుక్కల మందు కాసేపటికి గొంతులో చేదుగా తగులుతుంది. అదీ ఈ కాలువ గుండా వచ్చినదే. అందుకే చుక్కలు వేసుకున్న తరువాత కన్ను మూసుకుని, ముక్కు వైపు కంటికొనను వేలితో కాసేపు మెల్లగా నొక్కి ఉంచమని డాక్టర్లు చెబుతారు. అలా చేస్తే మందు కాలువలో పడిపోకుండా కంటిలోనే నిలిచి పని చేస్తుంది.

రెప్పపాటు చేసే పని

కన్నీరు ఈ దారిలోకి తనంత తానే జారిపోతుందనుకుంటే పొరపాటు. రెప్ప కొట్టినప్పుడల్లా కంటి చుట్టూ ఉన్న కండరం బిగిసి వదులుతుంది. ఆ బిగింపుకు గొట్టాలు నొక్కుకుని లోపలి నీటిని సంచి వైపు తోస్తాయి. వదలగానే తూముల దగ్గరి కొత్త నీటిని పీల్చుకుంటాయి. కొలిమి తిత్తి గాలిని పీల్చి వదిలినట్టు, మన రెప్పలు తెల్లవార్లూ కాకపోయినా పొద్దస్తమానమూ ఈ పని చేస్తూనే ఉంటాయి. ముఖపు కండరాలు పక్షవాతంతో పడిపోయినవారికి, కాలువ తెరిచే ఉన్నా కన్ను నీరు కారడానికి ఇదొక కారణం.

రెప్పలు తోసిన నీరు సంచి నుంచి ముక్కులోకి దిగటానికి భూమ్యాకర్షణ తోడుపడుతుంది. ఆ ఆకర్షణ తెలియని చోట కన్నీటి గతి ఏమిటి? 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ తన కంట్లో నీళ్ళు వేసుకుని చూపించాడు. ఆ నీరు బుగ్గ మీదికి జారలేదు. ఉండలా కంటినే అంటిపెట్టుకుని ఉండిపోయింది. నీరు పల్లమెరగాలంటే ముందు పల్లమంటూ ఒకటి ఉండాలి కదా!

దారి మూసుకుపోతే

పుట్టిన పిల్లల్లో కొందరికి ముక్కులోకి తెరుచుకునే చివరి ద్వారం దగ్గర పల్చని పొర మిగిలిపోయి ఉంటుంది. బిడ్డ కన్ను ఎప్పుడూ తడిగా ఉండి పుసులు కడుతుంది. తల్లిదండ్రులు గాబరా పడనక్కరలేదు. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాది నిండేలోగా అది దానంతటదే తెరుచుకుంటుంది. సంచి మీద వేలితో కిందివైపు నొక్కుతూ మర్దన చేసే పద్ధతిని 1923లో క్రిగ్లర్ అనే వైద్యుడు వివరించాడు. ఈనాటికీ డాక్టర్లు తల్లులకు నేర్పేది అదే.

పెద్దవారిలో ఈ బాధ నడివయసు దాటిన స్త్రీలకు ఎక్కువ. వారిలో ఎముక సొరంగం పురుషులకన్నా ఇరుకుగా ఉండటం ఒక కారణమని చెబుతారు. నిలిచిన నీరు చెరువులో పాచిపట్టినట్టు, సంచిలో నిలిచిన కన్నీటిలో సూక్ష్మక్రిములు చేరితే చీము పట్టి, కంటికొన వాచి, నొక్కితే సలుపుతుంది. ఇది కొత్త జబ్బేమీ కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో కంటి సంధులలో వచ్చే వ్యాధులలో “పూయాలసం” అనేదాన్ని చెప్పారు. ముక్కు వైపు కంటికొనలో వాచి, పక్వమై, చీము కారేదని దాని లక్షణం.

దీనికి శస్త్రచికిత్స ఉన్నది. మూసుకున్న నాళాన్ని వదిలేసి, సంచికీ ముక్కుకూ మధ్య ఉన్న పల్చని ఎముకలో కిటికీ తెరిచి అడ్డదారి వేస్తారు. 1904లో ఇటలీ వైద్యుడు అడ్డెయో టోటీ ఈ పద్ధతిని ప్రకటించాడు. ఇప్పుడు ముఖం మీద గాటు పడకుండా ముక్కు లోపలి నుంచి కూడా చేస్తున్నారు. అనుభవజ్ఞుల చేతిలో పదింట తొమ్మిది సఫలమయ్యే ఆపరేషనే ఇది. అయినా ఆపరేషను ఆపరేషనే. అవసరం లేనివారికి చేయకూడదు, అవసరమైనవారికి తప్పకూడదు.

కనబడని కాలువకు బొమ్మ

ఇక్కడే చిక్కు వచ్చింది. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా పడుతుంది, గాలి నల్లగా పడుతుంది. నీరూ, చర్మమూ, కండా దాదాపు ఒకే రకం బూడిద రంగులో కలిసిపోతాయి. మరి నీటి కాలువ కనబడేదెలా? ఎక్స్‌కిరణాలను అడ్డుకునే మందును ఆ కాలువలో నింపాలి. 1909లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు కంటి వైద్యుడు ఈవింగ్ బిస్మత్ లవణాన్ని కన్నీటి మార్గంలోకి ఎక్కించి, మొదటిసారి దాని బొమ్మ తీశాడు. తరువాత బిస్మత్ పోయి అయొడిన్ కలిసిన మందులు వచ్చాయి.

మామూలు ఎక్స్‌రే అంటే నీడ. ముక్కు, దవడ, పుర్రె ఎముకల నీడలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఈ ఇబ్బందిని తీర్చినది ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయన తయారుచేసిన యంత్రంతో 1971 అక్టోబరులో లండనులోని అట్కిన్సన్ మార్లీ ఆస్పత్రిలో మొదటి రోగి తలను స్కాన్ చేశారు. ఎక్స్‌రే గొట్టం తల చుట్టూ తిరుగుతుంది. కంప్యూటరు లెక్కలు కట్టి, దొండకాయను చక్రాలుగా తరిగినట్టు తలను పొరలు పొరలుగా చూపిస్తుంది. 1979లో హౌన్స్‌ఫీల్డుకూ, ఈ గణితాన్ని విడిగా సాధించిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఈ యంత్రంతో కన్నీటి మార్గాన్ని చూడటానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది: రెప్ప అంచు తూములో సన్నని గొట్టం పెట్టి మందును లోపలికి ఎక్కించడం. రెండవది: మందును మామూలు చుక్కల్లాగా కంట్లో వేసి, రెప్పలు కొట్టమని చెప్పి, అది తనదారిన తాను దిగేటట్టు చూడటం. ఇలా చుక్కలు వేసి సి.టి. తీయవచ్చునని 1990లో జిన్‌రైక్, ఆయన తోటి వైద్యులు ప్రకటించారు.

ఈ రెండింటికీ ముఖ్యమైన తేడా ఒకటున్నది. ఎక్కించిన మందు తోపుడు బలంతో పోతుంది. పల్లంతో దానికంత పని లేదు. కాలువ ఎక్కడ తెగిందో, ఎక్కడ మూసుకుందో అది చక్కగా చూపుతుంది. అయితే అంత బలానికి కొద్దిపాటి ఇరుకు కూడా తెరుచుకోవచ్చు. చుక్కగా వేసిన మందు అలాకాదు. అసలు కన్నీరు ఎలా నడుస్తుందో అదీ అలాగే నడుస్తుంది. కాలువ ఉన్నదా అనేది మొదటి ప్రశ్న. కాలువ పారుతున్నదా అనేది రెండవ ప్రశ్న. కాలువ ఉండి కూడా పారని కళ్ళు కొన్ని ఉంటాయి. వాటి సంగతి తేల్చటానికి చుక్కల పద్ధతి ఎంతో ఉపయోగం.

పడుకుంటే పల్లం మారుతుంది

చుక్కల పద్ధతిలో రోగి ఎలా ఉన్నాడన్నది ముఖ్యమవుతుంది. ఒక్కసారి ఊహించుకోండి. మనిషి కూచుని ఉన్నప్పుడు సంచి పైన, ముక్కు లోపలి ద్వారం కింద. నాళం దాదాపు నిట్టనిలువుగా, కొంచెం వెనక్కి వాలి దిగుతుంది. అదే మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు, నిలువుగా ఉన్న నాళం దాదాపు మట్టంగా అయిపోతుంది. వెనక్కి వాలి ఉన్న ఆ కొంచెమే ఇప్పుడు మిగిలిన పల్లం.

అంతేకాదు. పడుకుని ఏడ్చిన వారి కన్నీరు ఎటు పోతుంది? ముక్కు వైపు కాదు, చెవుల వైపు. ఎందుకంటే పడుకున్నప్పుడు కంటి బయటికొన ముక్కు వైపు కొనకన్నా పల్లంలో ఉంటుంది. వేసిన మందు చుక్క కూడా అదే బాట పడుతుంది. పైగా ఆ మందు నీటికన్నా బరువైనది. ఏది పల్లమైతే అక్కడికి చేరి మడుగు కడుతుంది. తూములు మెరకలో మిగిలిపోతాయి.

ఇప్పుడు మాటవరసకు ఒక ఇల్లాలి సంగతి అనుకుందాం. ఆమె కన్ను ఆరు నెలలుగా నీరు కారుతున్నది. స్కాన్ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చుక్కలు వేసి, వెంటనే బొమ్మ తీశారు. సంచిలో మందు కనబడింది. కింది నాళంలో కనబడలేదు. దీనికి అర్థం నాళం మూసుకున్నదనా? కావచ్చు. పల్లం లేక మందు దిగలేదనా? అదీ కావచ్చు. ఆ ఒక్క బొమ్మను చూసి ఏదీ తేల్చి చెప్పలేం. అదే ఆమెను ముందు కూచోబెట్టి, చుక్కలు వేసి, కొద్ది నిమిషాలు మామూలుగా రెప్పలు కొట్టనిచ్చి, ఆ తరువాత పడుకోబెట్టి ఆలస్యం చేయకుండా బొమ్మ తీస్తే, మందు తన దారిన ఎంతవరకు పోగలదో అంతవరకు పోయి ఉంటుంది. అప్పుడు ఆగిన చోటు నిజంగా ఆగిన చోటే అనుకోవటానికి ఎక్కువ బలం చిక్కుతుంది.

తల వంకరను కంప్యూటరు సరిచేస్తుంది, కాని...

తల ఒక పక్కకు ఒరిగితే ఇంకొక చిక్కు. ఒకే పొరలో కుడివైపు సంచీ, ఎడమవైపు నాళమూ కనిపిస్తాయి. రెండు వైపులనూ పోల్చి చూడటం కష్టమవుతుంది. పూర్వం ముఖానికి ఎదురుగా తరిగినట్టు పొరలు కావాలంటే రోగిని బోర్లా పడుకోబెట్టి, గడ్డం ముందుకు చాచి, మెడ వెనక్కి విరిచి ఉంచవలసి వచ్చేది. మెడనొప్పి ఉన్న వృద్ధులకు అది నరకమే. ఇప్పటి యంత్రాలు మిల్లీమీటరుకన్నా పల్చని పొరలను కొద్ది సెకండ్లలో తీస్తాయి. వాటిని కంప్యూటరు ఎటు కావాలంటే అటు తిప్పి, వంకరను సరిచేసి చూపగలదు. ఆ శిక్ష ఇప్పుడు తప్పింది.

అయితే కంప్యూటరు తల వంకరను సరిచేయగలదు గాని, దిగని చుక్కను దింపలేదు. మందు పారిందా లేదా అన్నది బొమ్మ తీయక ముందే జరిగిపోయిన పని. ఆ వేళకు రోగి కూచున్నాడా, పడుకున్నాడా, రెప్పలు కొట్టాడా, కళ్ళు మూసుకుని బిగదీసుకున్నాడా - వీటిని తరువాత ఎవరూ మార్చలేరు. అందుకని బొమ్మను చదివే డాక్టరుకు అది ఎలా తీశారో కూడా తెలిసి ఉండాలి.

కూచోబెట్టే బొమ్మ తీసే యంత్రాలు కూడా లేకపోలేదు. దంతవైద్యుల దగ్గర వాడుకలోకి వచ్చిన కోన్ బీమ్ అనే ఒక రకం సి.టి.లో రోగి కూచునే ఉంటాడు. దానితో కన్నీటి మార్గాన్ని కూడా చూస్తున్నారు. వేరొక పద్ధతిలో, అతి స్వల్పంగా రేడియో ధార్మికత కలిగిన టెక్నీషియం చుక్కను కంట్లో వేసి, ఎదురుగా కెమెరా పెట్టి అది దిగే తీరు గమనిస్తారు. 1972 నుంచి తెలిసిన ఈ పరీక్షలో కూడా రోగిని కూచోబెట్టే చూస్తారు. ఇందులో ఎముకల వివరం తెలియదు గాని, ప్రవాహం సంగతి తెలుస్తుంది.

మన హైదరాబాదులో

ఈ శాస్త్రంలో మన హైదరాబాదుకు మంచి పేరున్నది. హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన మన ఎల్.వి. ప్రసాద్ గారి పేరుతో 1987లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన నేత్ర వైద్య సంస్థలో, కన్నీటి మార్గపు వ్యాధులకని ప్రత్యేకంగా ఒక విభాగమున్నది. అక్కడ డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీ చేసిన పరిశోధనలు దేశదేశాల వైద్యులు చదువుతున్నారు.

మీరు తెలుసుకోవలసినవి

కన్ను నీరు కారే ప్రతివారికీ సి.టి. స్కాన్ అక్కరలేదు. చాలామందికి డాక్టరు తూములో ఉప్పునీటిని ఎక్కించి చూసే చిన్న పరీక్షతోనే సంగతి తెలిసిపోతుంది. గొంతులో ఉప్పగా తగిలితే దారి ఉన్నట్టు. కన్ను పొడిబారి మండటం వల్ల కూడా నీరు కారుతుంది. దానికి మందు వేరు. ముఖానికి దెబ్బ తగిలి ఎముకలు విరిగినప్పుడు, కన్నీటిలో నెత్తురు కనిపించినప్పుడు, సంచి దగ్గర గడ్డ ఉన్నదని అనుమానం కలిగినప్పుడు, పుట్టుకతోనే లోపం ఉన్నప్పుడు, ఒకసారి చేసిన ఆపరేషను విఫలమైనప్పుడు స్కాన్ ప్రయోజనం ఎక్కువ.

స్కాన్ తీయించుకోవలసి వస్తే కొన్ని జాగ్రత్తలు పాటించండి. స్త్రీలు ముక్కుపుడక, చెవికమ్మలు, తలలోని పిన్నులు ఇంటి దగ్గరే తీసి పెట్టి రావటం మేలు. లోహం దగ్గర బొమ్మలో తెల్లని చారలు పడతాయి. ముక్కుపుడక అయితే చూడవలసిన చోటికి పక్కనే ఉంటుంది. కాటుక పూర్తిగా తుడుచుకోవాలి. గర్భవతి అయితే ముందే చెప్పాలి. అయొడిన్ మందులు పడనివారు ఆ సంగతీ చెప్పాలి. ముక్కుకు గాని, కంటికి గాని పూర్వం ఆపరేషను జరిగి ఉంటే ఆ కాగితాలు వెంట తీసుకువెళ్ళాలి.

చుక్కలు వేసినప్పుడు కళ్ళు బిగించి మూసుకోకుండా, చెప్పినట్టు మామూలుగా రెప్పలు కొట్టండి. బల్ల మీద పడుకున్నాక ముక్కు సూటిగా పైకప్పు వైపు ఉంచి, తల కదల్చకండి. ఆ కొద్ది సెకండ్ల నిగ్రహం వల్ల బొమ్మ మళ్ళీ తీయవలసిన పని తప్పుతుంది. ఎక్స్‌కిరణాలు పోయే దారిలోనే కంటి కటకం కూడా ఉంటుంది గనుక ఒక్కసారితో సరిపోవటమే మంచిది.

చివరగా, మొహమాటపడకుండా డాక్టరుగారిని ఒక ప్రశ్న అడగవచ్చు: “చుక్కలు కూచోబెట్టి వేశారా, పడుకోబెట్టి వేశారా? దీన్ని ఉప్పునీటి పరీక్షతో సరిచూశారా?” అని. మంచి వైద్యుడు ఈ ప్రశ్నకు కోపగించుకోడు. ఆయన కూడా ఒక్క బొమ్మను నమ్మి కత్తి పట్టేవాడు కాదు.